దుర్భిణి కొనబోవు పెద్దలకు

నూజివీడు ప్రాంతమున మామిడితోట గలవానికి మెడ యెత్తి చూచుట నిత్యకృత్యము. పుష్యమాఘములలో పూత యెట్లున్నదని చూచును. ఫాల్గుణమున పిందె నిలిచినదా యని చూచును. వైశాఖమున కాయ పక్వమునకు వచ్చినదా యని చూచును. వయస్సున నున్నంతకాలము, క్రిందనుండి చూపు చాలనిచో చెట్టెక్కి చూచును. అఱువది యేండ్లు దాటిన పిమ్మట చెట్టెక్కుమాట యటుండగా, అరుగు మెట్లెక్కుటయే కష్టము. ఆ వయస్సున నున్న నావంటివారి కొఱకే యీ ప్రసంగము.

మా తండ్రిగారు నాటిన చిన్నరసముల చెట్లు మా తోటలో 12 గలవు. మూడేండ్ల క్రిందట వానిలో తూర్పు వరుస కొసనున్న చెట్టునకు చిటారున బదనిక పట్టినది. బదనిక యెట్టిదో మీకు నేను చెప్పనక్కఱలేదు. చిన్న పిట్టలు దాని పండ్లు తిని, బంకవలె నంటుకొను గింజలను కొమ్మలకు రాచి పోవును. ఆ గింజ మొలచి, తన వేళ్లను కొమ్మలోనికి దించి, చెట్టు కష్టపడి తెచ్చుకొన్న నీటిని తాను త్రాగుచు బ్రదుకును. దాని యాకును పచ్చగనే యుండును గనుక, క్రింద నిలిచినవాని కంటికి మామిడాకులలో గలిసిపోవును. నేనును దానిని పోల్చుకొనలేదు. పైగా, ఈ యేడు చెట్టు తల దట్టముగా నున్నదని సంతోషించితిని. నిజము తెలియునప్పటికి ఒక పెద్దకొమ్మ యెండిపోయినది.

బదనికను కోయుటకు పనివాని నొకని ఎక్కించితిమి. ఆతడు తాటి ప్రమాణపు టెత్తున, సన్నని కొమ్మపై నిలిచి, "ఇదా, అయ్యగారూ? ఆ పక్కదా?" యని యడుగుచుండగా, క్రిందనున్న నాకు ఏది బదనికయో ఏది మామిడియో తెలియలేదు. నేను తప్పు చెప్పినకొలది ఆతడు ఒక కొమ్మనుండి మఱియొక కొమ్మకు మారుచుండెను. దైవానుగ్రహమున క్షేమముగా దిగెను. కాని, నా కన్నుల దోషమునకు పరుల కాలుసేతులు పణముగా బెట్టితినను బాధ నన్ను విడువలేదు. ఆనాడే దుర్భిణి యొకటి కొనవలెనని నిశ్చయించుకొంటిని.

దుర్భిణి యనుమాట మనకు క్రొత్తది గాదు. 1608 వ సంవత్సరమున హాలండు దేశపు కళ్లద్దముల పనివాడగు లిప్పర్షే యనునాతడు ఒంటిగొట్టపు దుర్భిణిని అచ్చటి పాలకసభ యెదుట బెట్టెను. రెండు కండ్లతోను చూచుటకు వీలుగా నొకటి చేసి తెమ్మని ఆ సభవారే యాతని నడిగిరి. 1610 లో గెలీలియో పండితుడు తన దుర్భిణితో గురుగ్రహమును జూచి, దాని చుట్టును దిరుగు నాలుగు చంద్రులను గనుగొనెను. అయినను, జంట దుర్భిణి చేతిలో నిముడునంత పొట్టిదియు, చక్కగా జూపునదియు నగుటకు చాలకాలము పట్టినది. పొడవైన గొట్టము లేకుండ, వెలుతురును గాజు పట్టకముల నడుమ మడచి పంపు నుపాయమును ఇటలీ దేశస్థుడగు పోర్రో 1854 లో కనిపెట్టెను. జర్మనీలో యేనా పట్టణమునందలి జైస్ కర్మాగారమువారు, ఆబ్బే యను శాస్త్రజ్ఞుని పూనికతో, 1894 లో అట్టి జంట దుర్భిణులను విక్రయమునకు దెచ్చిరి. నేడు మన మంగడిలో జూచు చిన్న దుర్భిణులు చాలవఱకు ఆ వంశమునకు జెందినవే. జనులు వీనిని బైనాక్యులర్లని పిలుచుచున్నారు.

ఇక నేను మొదట కొన్న దుర్భిణి కథ వినుడు. ఒక పట్టణపు టంగడికి బోయి, "దూరమున నున్నది దగ్గఱగా గనబడవలె" నంటిని. అంగడివాడు బరువైన దుర్భిణి నొకదానిని నా చేతబెట్టి, "ఇది నూరు రెట్లు చూపుతుంది, మాస్టారూ" అనెను. నూఱను సంఖ్య నన్ను మోసగించినది. జీవితమంతయు పిల్లలకు లెక్కలు చెప్పినవాడనే యైనను, ఒక్క ప్రశ్నయైన వేయక సొమ్ము చెల్లించి వచ్చితిని. తోటలో నిలిచి చూచితినిగదా, ఆకాశము నడుమ మసకగా నొక పచ్చని ముద్ద గంతులు వేయుచున్నది. ఏ కొమ్మను జూచుచున్నానో తెలియదు. ఒక కొమ్మ దొరకినను నిలువదు. రెండు నిమిషములలో కన్నులకు నీరును, భుజములకు నొప్పియు వచ్చినవి. అది యిప్పటికిని మా బీరువాలో నున్నది.

తప్పు ఎచ్చట జరిగినదో తెలిసికొనుటకు నాకు కొన్ని నెలలు పట్టినది. ఆ తెలిసికొన్నదానినే మీకు మనవి చేయుచున్నాను.

మంచి దుర్భిణిపై రెండు సంఖ్యలు వ్రాసియుండును. 8×25 అని యున్నదనుకొనుడు. మొదటిది ఎన్ని రెట్లు దగ్గఱగా జూపునో తెలుపును. 8 అనగా, 200 గజముల దూరమున నున్న కొమ్మ 25 గజముల దూరమున నున్నట్లు కనబడును. రెండవది ముందువైపు అద్దము యొక్క వెడల్పు, మిల్లీమీటర్లలో. ఆ యద్దము వెలుతురు లోనికి వచ్చు వాకిలి. వాకిలి యెంత పెద్దదైన నంత వెలుతురు వచ్చును. అంత బరువును పెరుగును. 8×25 దుర్భిణి సుమారు 300 గ్రాములు తూగి, లాల్చీ జేబులో నిముడును. 8×42 దుర్భిణి 600 మొదలు 800 గ్రాముల వఱకు తూగును. మెడకు వ్రేలాడదీసికొని తోటయంతయు దిరుగుట మనకు భారము.

మొదటి సంఖ్య పెద్దదైనకొలది మేలనుకొనుట పొరపాటు. దుర్భిణి వస్తువును దగ్గఱ చేసినట్లే, మన చేతివణుకును గూడ పెద్దది చేయును. ఎనిమిది రెట్లు చూపుదానిని వృద్ధుని చేయి యెట్లో నిలుపగలదు. పది రెట్లు చూపుదానిని నిలుపుటకు గోడయో, చెట్టుబోదెయో ఆనుకొనవలెను. అంతకు మించినదానికి మూడుకాళ్ల పీట కావలెను. మఱియు, రెట్లు పెరిగినకొలది ఒక్కసారి కనబడు మేర తగ్గిపోవును. 8×25 దుర్భిణిలో 1000 మీటర్ల దూరమున సుమారు 100 మొదలు 120 మీటర్ల మేర కనబడును. ఆ మేర యిఱుకైనచో, కొమ్మలలో దాగిన కాయను వెదకుట గడ్డివామిలో సూదిని వెదకుటయే.

రెండవ సంఖ్యను మొదటిదానితో భాగింపుడు. 25 ని 8 చేత భాగించిన 3 మిల్లీమీటర్లకు కొంచెము పైగా వచ్చును. దుర్భిణిని చేయి చాచి ఆకాశమువైపు పట్టి చూచినచో, కంటివైపు అద్దములో కనబడు చిన్న వెలుతురు బిళ్ల వెడల్పు అదియే. వెలుతురు మన కంటిలోనికి వచ్చునది ఆ బిళ్ల గుండనే. పగటివెలుగున మన కంటిపాప 2 లేక 3 మిల్లీమీటర్లు మాత్రమే తెఱచుకొనును గనుక, 3 మిల్లీమీటర్ల బిళ్ల చాలును. చీకటిలో పడుచువాని కంటిపాప 7 మిల్లీమీటర్ల వఱకు విప్పారును. వయస్సు మీఱినకొలది అంత విప్పారదు. కావున 7×50 వంటి పెద్ద దుర్భిణి యిచ్చు 7 మిల్లీమీటర్ల బిళ్లలో కొంత వెలుతురు మనవంటివారికి వ్యర్థమే. తోట పనికి, పగటివేళకు, 8×25 చాలును. 10×25 లో బిళ్ల రెండున్నర మిల్లీమీటర్లకు దిగిపోవును; మబ్బుపట్టిన దినమున మసకగా నుండును. ఉదయసాయంకాలములందు గూడ చూడదలచినవారు కొంచెము బరువున కోర్చి 8×32 తీసికొనుట మంచిది.

కళ్లద్దములు పెట్టుకొనువారు మఱియొక కొలతను అడుగవలెను. కంటికిని దుర్భిణి యద్దమునకును నడుమ ఎంత యెడ మున్నను పూర్తి దృశ్యము కనబడునో దానిని పెట్టెలోని కాగితముపై వ్రాసెదరు. అది 15 మిల్లీమీటర్లకు తక్కువ యైనచో, కళ్లద్దములతో చూచువానికి దృశ్యము నడుమ భాగమే కనబడును. చిన్న దుర్భిణులలో ఈ లోపము తఱచు. కళ్లద్దములవారు కంటిగిన్నెలను క్రిందికి ద్రిప్పి పెట్టవలెను; లేనివారు పైకి ద్రిప్పవలెను. చదువుకొనుటకు మాత్రమే కళ్లద్దములు వాడువారు వానిని తీసివేసియే చూడవచ్చును.

మనలో ఒక కంటికి శుక్లము తీయించుకొని, రెండవకంటికి తీయించుకొననివారు పలువురు గలరు. రెండు కన్నులు సమముగా నుండవు. అట్టివారికొఱకే సాధారణముగా కుడికంటివైపు సవరణ వలయ మొకటి యుండును. మొదట కుడికన్ను మూసి, ఎడమకంటితో దూరపు కొమ్మ నొకదానిని జూచుచు, నడిమి చక్రమును ద్రిప్పి స్పష్టముగా జేసికొనుడు. తరువాత ఎడమకన్ను మూసి, నడిమి చక్రమును ముట్టక, కుడివైపు వలయమును మాత్రము ద్రిప్పి అదే కొమ్మను స్పష్టము చేసికొనుడు. ఆ వలయ మెచ్చట నిలిచినదో గుర్తుంచుకొనుడు. ఇక నెప్పుడును నడిమి చక్రమునే త్రిప్పుకొనవచ్చును. పలువురు ఈ పని చేయకయే, "నాకు దుర్భిణి కుదురలేదు" అని పెట్టెలో బెట్టివేయుచున్నారు.

అంగడిలో చేయదగిన పరీక్షలు కొన్ని గలవు. దుర్భిణిని చేయి చాచి పట్టి వెలుతురు బిళ్లలను జూడుడు. అవి గుండ్రముగా నుండవలెను. అంచులు కోసినట్లు చతురముగా గనబడినచో లోపలి పట్టకములు తక్కువ రకము గాజువి. ముందటి యద్దమును ఏటవాలుగా జూడుడు. ప్రతిబింబము మసకగా, ఆకుపచ్చగనో ఊదాగనో యున్న, మంచి పూత గలదన్నమాట. కెంపువలె నెఱ్ఱగా మెఱయునది కంటి కింపుగా నుండును గాని, చాలవఱకు ఆడంబరమే. వీధి కొసనున్న కరెంటుతీగను జూడుడు. రెండు తీగలుగా గనబడినను, అయిదు నిమిషములు చూచునప్పటికి తల నొచ్చినను, రెండు గొట్టములు సమముగా లేవు. దానిని మరల నిచ్చివేయుడు. నడిమి కీలు మఱీ బిగువుగను, మఱీ వదులుగను నుండరాదు. రెట్లను మార్చుకొనవచ్చునను దుర్భిణులను, అఱువది రెట్లు నూరు రెట్లు అను వ్రాతలను నమ్మవలదు. తక్కువ వెలలో కొనువారు తిన్నని గొట్టములదానికంటె, ముందటి యద్దములు దగ్గఱగను కంటి యద్దములు ఎడముగను ఉండు వంకర యమరికదానిని ఎంచుకొనుట మేలు; ఆ వెలకు అది తఱచుగా స్పష్టతరముగా జూపును.

ఇట్లు తెలిసికొని, రెండవమాఱు 8×25 దుర్భిణి నొకదానిని కొంటిని. దానితో చూచిన మొదటి దినమున, తూర్పు వరుసలోనే మఱి రెండు చెట్లపై బదనిక నాకు గనబడినది. మామిడాకు నడుమ దాని మందపు టాకు, బూడిద కలిసిన పచ్చదనము, కొమ్మ నంటిన చోటి బుడిపె, అన్నియు వేఱుగా నిలిచి కనబడినవి. దాని పండ్లు పండకముందే, ఏ కొమ్మయో, ఎన్నవ పాయయో పనివానికి నేలమీదనే చెప్పి ఎక్కించితిని. ఆకులు లాగివేసిన చాలదు, అది మరల చిగుర్చును. అంటుకొన్న చోటికి దిగువగా కొమ్మనే కోయవలెను. ఆతడు తిన్నగా బోయి, కోసి, దిగివచ్చెను. ఆ దినమున నాకు గలిగిన నిశ్చింత యింతింత కాదు.

ఇంతవఱకు దుర్భిణి గొప్పదనము చెప్పితిని. ఇక దాని కొఱతను, నా కొఱతను చెప్పవలసి యున్నది.

ఆ వేసవిలో, కోతకు ముందు, చివరి వరుసలో కాయలు తగ్గుచుండెను. ఆ వరుసకు ఆవల నున్న తోట మా పొరుగువానిది. ఆతనికిని నాకును గట్టు విషయమున చిరకాలముగా మాటలు లేవు. ఒకనాడు ప్రొద్దుగ్రుంకిన పిమ్మట మంచెమీద నుండి దుర్భిణితో జూచితిని. 200 గజముల దూరమున, చెట్టు మొదట, తెల్లని తలగుడ్డతో వంగి నిలిచిన మనిషి యొకడు కనబడెను. ఆ వంపు, ఆ తలగుడ్డ పొరుగువానివే యని నాకు నిశ్చయముగా దోచినది. ఆ రాత్రి ఇంటిలో ఆ మాట యంటిని. తెల్లవాఱునప్పటికి అది రచ్చబండకు జేరినది.

ఉదయము ఎండ వచ్చిన పిమ్మట అదే మంచెనుండి, అదే దుర్భిణితో జూచితిని. చెట్టు మొదట, క్రిందికి వంగిన కొమ్మకు, కూలివారు మఱచిపోయిన తెల్లని యెరువుల సంచి వ్రేలాడుచున్నది. దానిపైని కొమ్మలలో కోతులగుంపు కూర్చుండి కాయలు కొఱికి పాఱవైచుచున్నది.

మసకవెలుతురున త్రాటిని జూచి పామనుకొనుట మన శాస్త్రములలో నెంత ప్రాత యుదాహరణమో మీ రెఱుగుదురు. నేను దానిని శిష్యులకు ఎన్నిమాఱులు చెప్పితినో లెక్కలేదు. 25 మిల్లీమీటర్ల వాకిలి గుండ వచ్చు వెలుతురు 42 మిల్లీమీటర్ల దాని గుండ వచ్చునదానిలో మూడవవంతుకంటె కొంచె మెక్కువ మాత్రమే. సంధ్యవేళ ఆ చిన్న దుర్భిణి ఆకారమును దగ్గఱగా దెచ్చినదే కాని, స్పష్టముగా జూపలేదు. చాలని స్పష్టతను నా మనస్సులోని ప్రాతపగ పూరించినది. దూరముగా నున్నది దగ్గఱగా గనబడుటచేత, నేను బాగుగా జూచితినను గర్వము గూడ దానికి దోడైనది. ఉత్త కన్నులతో జూచియుండినచో, "ఎవరో తెలియదు" అని యూరకుందును.

ఆ యుదయమే పొరుగువాని యింటికి బోయి, అందఱ యెదుట తప్పు ఒప్పుకొంటిని. ఆతడు చాలసేపు మాటాడలేదు. పిదప, "మాస్టారూ, నాకు అక్షరాలు దిద్దించింది మీరే గదా. నా పేరు నోట పెట్టే ముందు ఆ రెండు వందల గజాలూ నడిచి రాలేకపోయారా?" అనెను. నాయొద్ద సమాధానము లేదు.

కావున, దుర్భిణి కొనబోవు పెద్దలకు నా ముఖ్యమైన మనవి యిది. మీ కన్ను, మీ చేయి, మీ పని, ఈ మూటికిని దగినది ఎంచుకొనుడు. ఎంచుకొన్నది ఏ వేళ ఏది చూపగలదో, ఏది చూపలేదో మొదటి వారముననే పరీక్షించి తెలిసికొనుడు. తెలిసిన మనుష్యుని ఒకనిని 200 గజముల దూరమున నిలువబెట్టి, మధ్యాహ్నము చూడుడు, సంధ్యవేళ చూడుడు. ముఖము ఎప్పటివఱకు గుఱుతు పట్టగలుగుదురో మీకే తెలియును. ఆ వేళ దాటిన తరువాత దుర్భిణి చెప్పు సాక్ష్యమును ఊరిలో చెప్పకుడు.

మఱి కొన్ని జాగ్రత్తలు. ఎన్నడును సూర్యుని వైపు దుర్భిణి నెత్తరాదు. క్షణములో కన్ను పోవును. 1868 వ సంవత్సరము ఆగస్టు 18 వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును జూచుటకై ఫ్రాన్సునుండి జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు మన గుంటూరునకు వచ్చెను. ఆతడు సూర్యకాంతిని రంగులుగా విడదీసి పరిశీలించు ప్రత్యేక సాధనములను దెచ్చుకొనియే చూచెను. ఆ గ్రహణ పరిశీలనలే పిమ్మట హీలియమను మూలకమును గుర్తించుటకు దారితీసినవి. సూర్యుని జూచుటకు వేఱు సాధనములు గలవు. మన జేబు దుర్భిణి యందులకు గాదు. పిల్లలచేతికి ఇచ్చునప్పుడు ఈ మాట మొదట చెప్పవలెను. ఇరుగుపొరుగు పెరళ్లవైపును, స్నానపు రేవులవైపును దానిని ద్రిప్పుట మర్యాద కాదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

వానకాలమున అద్దముల లోపల బూజు పట్టును. నత్రజని నింపి మూసిన దుర్భిణి లోపలికి తేమ పోదు. వెల కొంచె మెక్కువైనను మన ప్రాంతమునకు అదియే తగినది. ఏదైనను, తోలుసంచిలో మూసియుంచక, తేమను పీల్చు సిలికా జెల్ పొట్లముతో డబ్బాలో నుంచుడు. అద్దముపై దుమ్ము పడినచో, మొదట ఊది, పిమ్మట మెత్తని గుడ్డతో తేలికగా తుడువుడు. ఉత్తరీయపు చెఱగుతో రుద్దినచో పూత గీచుకొని పోవును.

తోటపని లేని దినములలోను దుర్భిణి మీకు తోడుగా నుండును. మన ప్రాంతమునకు సమీపముననే కొల్లేరు గలదు. కైకలూరు చెంతనున్న ఆటపాకలో గూడబాతులు గూళ్లు పెట్టి పిల్లలను పెంచుట గట్టుమీదనుండియే, వానిని బెదరింపకయే చూడవచ్చును. రాత్రి డాబామీద పిట్టగోడకు మోచేతు లానించి చూచినచో చంద్రునిమీది గుంటలును, కృత్తికలలో ఉత్తకంటికి దొరకని నక్షత్రములును కనబడును. మనుమల నట్లు కూర్చుండబెట్టి చూపిన, వారు చదివినదానికి మన చూచినది తోడగును.

మా పొరుగువాడు ఒక సంవత్సరము నాతో మాటాడలేదు. పోయిన మాఘమాసమున ఆతడే వచ్చి, తన తోటలో చెట్టు తల యేదో తేడాగా నున్నదని, దుర్భిణి యిమ్మని యడిగెను. ఇచ్చి, నేనును వెంట బోయితిని. ఎండ బాగుగా వచ్చువఱకు ఇరువురమును గట్టుమీద కూర్చుండి, అటుపిమ్మటనే చూచితిమి. అది బదనికయే.